తీగ ఉంది, తీగ లేదు

నవంబరు 4, సోమవారం

"తాతా, నీ నోరు ఊరకుండలేకపోతే కాగితం మీద పెట్టు, మాకు చెవులు నొప్పెడతాండాయి" అనింది బ్లెస్సీ. నా మనవరాలు. కొడుకు కూతురు. ఎరువుల దుకాణమాయన ఇచ్చిన డైరీ జనవరి నుంచి ఖాళీగా పడుంటే తీసినా. నా చదువు అయిదో తరగతి. అయ్యవారు కొడితే గోడ దూకినా, మళ్ళ లోపలికి దూకలా. ఇది ఎవురన్నా దొంగతనంగా చదివితే తప్పులు దిద్దొద్దు. దిద్దితే మీ ఇంటికి భోజనానికొస్తా.

సంగతేందంటే పందులు. మళ్ళీ నా మొక్కజొన్నలో పడినాయి. తిన్నది తక్కువ, పొర్లింది ఎక్కువ. మా కోడలు సంతోషమ్మ చేలో నిలబడి ప్రార్థన చేసింది. "అడివి పందులు తల్లీ, తెలుగులో చేస్తే ఇనవు" అన్నా. ఇసురుగా ఇంటికి పోయింది. సాయంత్రం నా పప్పులో మాత్రం ఉప్పు లేదు.

బ్లెస్సీది హైదరాబాదు కంపెనీలో శబ్దాల ప్రోగ్రాములు రాసే పని. ఇప్పుడు ఇంట్లోనుంచే చేస్తాంది. "నీ అరుపు రికార్డు చేసి చేలో పెడతా, నువ్వు ఇంట్లో పండుకో" అంటాంది. ఈ వయసులో నా నోటికి ఉద్యోగం వచ్చింది.

నవంబరు 6

కంప్యూటర్లో చిన్న చిన్న డబ్బాలు గీసి, డబ్బాకు డబ్బాకు గీతలు కలిపింది. ఒక దాంట్లోనుంచి ఇంకోదాంట్లోకి శబ్దం పారతాదంట, మడవ తిప్పితే నీళ్ళు పారినట్టు. డబ్బాలన్నీ ఆ సాఫ్ట్‌వేరులో ముందే ఉన్నాయంట, ఒకటి మాత్రం తనే సొంతంగా 'సి'లో రాసి అందులో అతికించింది.

"సి అంటే మూడో అక్షరం గదా. మిగతాయి ఎప్పుడు నేర్చుకుంటావు?"

"తాతా, నోర్ముయ్యి. ఇది గూడా రికార్డులో పడతాది."

ఆ సొంత డబ్బాకు ఒక మాట రాసి అందియ్యాల. "పంది" అని అందిస్తే పందికని నేను అరిచిన అరుపు ఏరుకొని బయటికి వదులుతాది. "కోతి" అంటే ఇంకోటి. ఫోనులోనుంచి మాట పంపితే చాలు. వేరే మాట పంపేదాకా కాసేపటికొకసారి అదే అరుస్తా ఉంటాది.

కోతికి ఏమనాల అని ఆలోచించి, సంతోషమ్మ వాళ్ళ అన్నను పెండ్లిలో తిట్టిన తిట్టు తిట్టినా. బాగా కుదిరింది. సంతోషమ్మ వంటింట్లోనుంచి గరిటె ఇసిరింది, తగల్లా.

నవంబరు 8

పక్కచేను శివనాగరాజు వచ్చినాడు.

"పెదనాయనా, నీ అరుపుకు పందులు పోతాయి, అలవాటు పడినాక తెల్లారి నీతో టీ తాగడానికొస్తాయి. నేను తీగ ఏస్తాండా. నీ చేను గూడా కలుపుకొని ఏస్తా."

ఏం తీగ అని నేనడగలా. వాడు చెప్పలా. కరెంటు స్తంభం వాడి మోటారు కొట్టం పక్కనే ఉంది.

పొద్దుగూకినాక పెట్టి తెల్లారి తీస్తాడంట. అడివి పక్క గూడెం నుంచి బస్సుకు పోయే బాట మా రెండు చేల నడుమ పోతాది, తీగ ఆ బాటను దాటాల. అందుకని మనుషులకు తెలిసేటట్టు మిషను చెప్పాల. బ్లెస్సీ ఇంకో రెండు మాటలు చేర్చింది, పంపేది శివనాగరాజు ఫోనునుంచి. "ఉంది" అని పంపితే నా గొంతు "తీగ ఉంది, దగ్గరికి రావొద్దు" అంటాది. "లేదు" అని పంపితే "తీగ లేదు, రండి, రండి" అంటాది. రెండో రండి నా సొంతం. పెండ్లికి పిలిచినట్టుంది తాతా అని నవ్వింది.

సబ్బుపెట్టె అంత కంప్యూటరు శివనాగరాజు కొట్టంలో పెట్టి, కప్పు మీద స్పీకరు కట్టినారు.

"సోలారు తీగేగా తాతా? బ్యాటరీది?"

"సోలారే."

"అయితే పర్లేదు. జిల్లుమంటాది, అంతే."

తీగ నాది కాదు. శివనాగరాజుది. నాకేం సంబంధం.

నవంబరు 9

పందులు రాలా.

నవంబరు 10, ఆదివారం

రాలా. చర్చీలో అందరూ నన్నే చూస్తాండారు. "అబ్రహామన్నా, నీ గొంతు గిద్దలూరు దాకా ఇనపడతాదంట" అన్నారు. "కొమరోలులో గూడా ఇని ఒకామె పెండ్లి సంబంధం పంపింది" అన్నా. సంతోషమ్మ బైబిలుతో మొహం కప్పుకునింది.

కూలీలు అడిగినారు, తీగ ముట్టుకుంటే ఏమన్నా అయితాదా అని. సోలారు అని చెప్పినా. ఒకసారి చెప్పినాక మార్చుకుంటే బాగుండదు.

నవంబరు 12

ముసలమ్మ కనపడింది. గూడెం మనిషి. చిన్నప్పటి నుంచి నేను మరదలా అంటా, తను బావా అంటాది, మా ఇద్దరి కులం వేరు, దేవుడు వేరు, ఎగతాళి ఒకటే. నెత్తిన ఉసిరికాయల బుట్ట, వెనక కుక్క. మొదటి బస్సుకు దోర్నాల పోతాది, శ్రీశైలం పోయేటోళ్ళకు అమ్ముకుంటాది.

"ఏం బావా, నువ్వు ఇంట్లో, నీ గొంతు చేలో. దేవుడు నిన్ను రెండు ముక్కలు చేసినాడా?"

"దయ్యమైనాక ఎట్ల పలుకుతానో ఇప్పుడే అలవాటు చేసుకో మరదలా."

"రండి రండి అంటాండావే! ఇంటికొస్తే మంచినీళ్ళు ఇయ్యలేదు ఏనాడూ."

"ఇంటికి రమ్మనలా. పొమ్మంటాండా, మర్యాదగా."

కుక్క మెడకు ఎర్ర గుడ్డపీలిక కట్టింది. దిష్టికంట. ఆ మొహానికి దిష్టి ఎవురు పెడతారు అన్నా. కుక్కకా నాకా అని అడిగింది. ఇద్దరికీ అన్నా.

నవంబరు 14

పొద్దున్నే చేలోకి పోయినా. శివనాగరాజు తీగ పక్కన గుంత పూడుస్తాండాడు.

"పంది పిల్ల పెదనాయనా."

పంది పిల్లకు మెడలో ఎర్ర పీలిక ఉండదు.

ఇంటికొచ్చి తలకు నీళ్ళు పోసుకున్నా.

నవంబరు 15

"బావా, నా కుక్క కనపడిందా?"

"దానికి పెండ్లయింది మరదలా. వెలిగండ్ల సంబంధం. అత్తగారింటికి పోయింది."

నవ్వింది. "మరి నాకు పలారం ఏది?" అనింది.

దీని గురించి ఇంక రాయను.

నవంబరు 16

నిద్ర పట్టక వెలుగు రాకముందే పోయినా. బాట దగ్గరికి పోయేసరికి కొట్టం మీదనుంచి నేనే, "తీగ లేదు, రండి, రండి."

శివనాగరాజు తొందరగా లేచినాడే అనుకున్నా. వాడి బండి లేదు. కొట్టానికి తాళం ఉంది. నా జేబులో టెస్టరు ఉంటాది, స్టార్టరు చూసుకునేది. తీగకు ఆనిచ్చినా.

వెలిగింది.

మళ్ళీ ఆనిచ్చినా. మళ్ళీ వెలిగింది. పైనుంచి మళ్ళీ నా గొంతు, సంతోషంగా, "తీగ లేదు, రండి, రండి."

ఫోను చేస్తే వాడు మంచం మీదనుంచే ఆవలించినాడు. "నేను 'లేదు' అని పంపలేదే. నిన్న పొద్దుగూకినప్పుడు 'ఉంది' అని పంపినా, అంతే" అన్నాడు. వాడొచ్చి కరెంటు తీసేదాకా బాట మధ్యలో చేతులు చాపి నిలబడినా. ఆ పూట ఎవురూ రాలా. ఎవురూ రాలేదు గదా, ఇంక దాని గురించి ఎందుకు.

నవంబరు 17, ఆదివారం

బ్లెస్సీకి చెప్పినా, మిషను అబద్ధం ఆడతాందని.

"నీ గొంతు గదా తాతా, అలవాటు పోదు" అనింది. తర్వాత ల్యాప్‌టాపు ముందర కూర్చోని చాలాసేపు చూసింది. నెత్తి కొట్టుకునింది.

"తప్పు నాదే. ఆ మాట ఉంది చూడు, నా డబ్బాకు అందించేది. నేను ఆ మాటను రాసుకోలా. అది ఏ చోట ఉందో ఆ చోటు మాత్రం గుర్తుపెట్టుకున్నా. ఆ చోటు సాఫ్ట్‌వేరుది. దానికి పనిబడితే అక్కడ ఇంకో మాట పెట్టుకుంటాది, నిన్న 'లేదు' పెట్టుకున్నట్టు. నా డబ్బా మళ్ళీ అరవాల్సొచ్చినప్పుడు ఆ చోటికి పోయి, ఏముంటే అది అరుస్తాది."

"ఆసుపత్రిలో మనోడి మంచం గుర్తుపెట్టుకొని జావ తీసుకపోయినట్టు. మనోడిని వేరే వార్డుకు మార్చినారు. జావ ఎవుడో తాగినాడు."

"అంతే! మంచాన్ని కాదు, మనిషిని గుర్తుపెట్టుకోవాల. మాట అందగానే నా డబ్బాలోకి నకలు రాసుకోవాల."

"రాసుకో మరి. ఇప్పుడే రాసుకో."

"రాయడం చిన్న పనే. రాసినదాన్ని మళ్ళీ ప్రోగ్రాముగా కట్టి, కొట్టంలో పెట్టెలోకి ఎక్కించి, పొద్దున దాకా సరిగ్గా చెప్తాందా అని చూడాల. ఆఫీసు పని మీద పడింది తాతా. బుధవారం చేస్తాలే. తప్పు చెప్పినా ఏమైతాది, సోలారేగా."

నా నోట్లో మాట ఉంది. అక్కడే ఉంది. సంతోషమ్మ అన్నానికి పిలిచింది.

నవంబరు 18

శివనాగరాజు దగ్గరికి పోయినా. మిషను తప్పు చెప్తాంది, బాగయ్యేదాకా తీగ తియ్యి అన్నా.

"తీస్తే పందులు నీ చేలో గూడా పడతాయి పెదనాయనా. కోత దగ్గర పడింది."

"మనిషి పడితే?"

వాడు కట్టెపుల్లతో పళ్ళు కుట్టుకుంటా నిదానంగా అన్నాడు, "పడితే ఏమంటారు? రండి రండి అన్నది ఎవురి గొంతు? రాసింది ఎవురి మనవరాలు? సోలారు అని చర్చీలో చెప్పింది ఎవురు? నేను ఊరికే తీగ కట్టినా."

నవ్వినాడు. నేను గూడా నవ్వినా. ఎందుకు నవ్వినానో తెలీదు, ఎవురన్నా నవ్వితే నవ్వే మొహం నాది.

నవంబరు 19

పొద్దున బాట మీద నిలబడినా. చలి. ముసలమ్మ వచ్చింది. "నాకోసమేనా బావా?" "నీకోసమే మరదలా." కరెంటు తీసేదాకా కూర్చోబెట్టి పాత ముచ్చట్లు చెప్పినా. బస్సు పోయింది. తిట్టింది.

నవంబరు 20, బుధవారం

బ్లెస్సీ సరిచేసింది. సాయంత్రం కొట్టానికి పోయి పెట్టెలోకి ఎక్కించి వచ్చింది.

"రేపు పొద్దున పోయి చూస్తా తాతా. గొంతు ఏం చెప్తాందో ఇని, తీగ పట్టుకొని చూస్తా. రెండూ కలిస్తే పాస్."

"తీగ పట్టుకుంటావా?"

"చిన్న షాకేగా. నా తప్పుకు నాకు శిక్ష."

అన్నం తిన్నాక చెప్తా.

తిన్నా. చెప్పలా. పక్కింట్లో ఎవురో ఉన్నారు, ఇంటారు. పొద్దున కాఫీ తాగేటప్పుడు చెప్తా. ఇది సోలారు కాదు తల్లీ అని నాలుగు మాటలు. దాంట్లో ఏముంది. కోప్పడతాది. రెండు దినాలు మాట్లాడదు. ఆ తర్వాత నవ్విస్తా.

నవంబరు 21

పొద్దున జరిగింది రాస్తాండా.

లేచేసరికి బ్లెస్సీ మంచం ఖాళీ. బయట స్కూటీ లేదు. "ఎక్కడికి పోయింది?" అంటే సంతోషమ్మ "చేలోకి. నిన్ను లేపొద్దనింది, నువ్వొస్తే ఎగతాళి చేస్తా పని చెయ్యనీవంట" అనింది.

ఎట్ల పోయినానో తెలీదు. చేతిలో వెదురు కట్టె, కాళ్ళకు చెప్పులు ఉన్నాయి, అంతవరకు దేవుడి దయ. దూరం నుంచే ఇనపడతాంది. "తీగ లేదు, రండి, రండి."

బ్లెస్సీ తీగ పక్కన నిలబడుంది. ఫోను చూసుకుంటాంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"తాతా, ఇంకా తప్పే చెప్తాందేమో! శివన్న ఫోను ఎత్తడంలా. పట్టుకుంటే తెలుస్తాది."

"ముట్టుకోవద్దు! అది సోలారు కాదు! కరెంటు!"

రొప్పుతాండా, గొంతు రాలా. వచ్చిన కాస్త గొంతు ముసలోడిది. కొట్టం మీదున్నోడిది మంచి గొంతు, గట్టిగా, చక్కగా, రండి రండి అంటాండాడు.

బ్లెస్సీ నవ్వింది. "మళ్ళీ మొదలుపెట్టినావా? పొద్దున్నే?"

"ఒట్టు తల్లీ, ఒట్టు."

"నిన్న సోలారు అన్నావు, ఈరోజు కరెంటు అంటావు, రేపు పిడుగంటావు." చెయ్యి చాపింది.

గుంజలు పాతిన గడ్డపార తీగకు ఇవతల నేలలో గుచ్చి ఉంది. రాత్రి మంచుకు నేల తడిగా ఉంది. వెదురు కట్టెతో ఆ గడ్డపారను తీగ మీదకు తోసినా. పడింది.

నీలంగా మంట లేచింది. ఠప్పుమని చప్పుడు, కాలిన ఇనుము వాసన, కొట్టంలో ఫ్యూజు ఎగిరింది. కప్పు మీద నా గొంతు "తీగ లే" అని ఆగిపోయింది.

బ్లెస్సీ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. తీగకు జానెడు దూరంలో. చెయ్యి వెనక్కి తీసుకొని రెండో చేత్తో పట్టుకునింది, వేరే వాళ్ళ చెయ్యి మాదిరి. గడ్డపార చూసింది. నన్ను చూసింది.

"నీకు తెలుసు" అనింది.

ఒక ఎగతాళి మాట నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. ఇట్లాంటప్పుడు గూడా వస్తాది నాకు. మింగినా.

"తెలుసు" అన్నా.

నవంబరు 21, సాయంత్రం

కొత్తగా రాసింది గూడా ఎందుకు తప్పు చెప్పిందో కనుక్కోమని అడిగినా, ఏదో ఒకటి మాట్లాడతాదని. ల్యాప్‌టాపు ముందు కూర్చోని ఏదో చేస్తాంది. వాళ్ళమ్మతో అనింది, "మాటను నకలు రాసుకున్నా, కానీ మళ్ళీ ప్రోగ్రాముగా కట్టకుండానే పెట్టెలోకి ఎక్కించినా. పాతదే నడిచింది. మా ఇద్దరిలో ఎవురు పెద్ద తప్పు చేసినామో తెలీదు."

"సరిచేస్తాండావా తల్లీ?" అన్నా.

"నీ గొంతు తుడిచేస్తాండా" అనింది. నన్ను చూడకుండా.

నవంబరు 22

కొట్టంలో ఉన్న పెట్టె ఇయ్యమంటే శివనాగరాజు ఇయ్యలా. ఫ్యూజు మార్చుకున్నాడు. కొట్టానికి పెద్ద తాళం ఏసినాడు. తుడిచింది ఇంట్లోది. చేలోది అట్లే ఉంది.

బ్లెస్సీ స్టేషనుకు ఫోను చేసింది. నా పేరు గూడా చెప్పింది. బాగానే చేసింది. మధ్యాహ్నానికి ఒక కానిస్టేబులు వచ్చినాడు. అప్పటికి తీగ చివర సోలారు పలక, బ్యాటరీ ఉన్నాయి. ఎవురి దగ్గర తెచ్చినాడో, అద్దం మీద దుమ్ము గూడా తుడవలా.

"సోలారేగా" అన్నాడు కానిస్టేబులు.

"ఇప్పుడు సోలారు. పొద్దుగూకితే కరెంటు సార్" అన్నా.

శివనాగరాజు కోప్పడలా. చుట్టూ ఉన్న కూలీలను చూపించి, "పెదనాయనే మాకందరికీ సోలారని చెప్పినాడు. అడగండి" అన్నాడు. కానిస్టేబులు అడిగినాడు. వాళ్ళు తల ఊపినారు. సంతోషమ్మను అడిగినాడు. ఆమెకు అబద్ధం రాదు. "మా మామ సోలారనే చెప్పినాడు సార్" అనింది, కొంగు నోట్లో పెట్టుకొని.

"ఏం పెద్దాయనా, మాతో గూడా తమాషానా?"

అందరూ నవ్వినారు. చెడ్డోళ్ళు కాదు. నేను నిలబడితే నవ్వాలనే వాళ్ళకు తెలుసు. అట్ల నేర్పింది నేనే.

బ్లెస్సీ కాలిన గడ్డపార తెచ్చి చూపించింది. కానిస్టేబులు నవ్వడం ఆపి ఫోటో తీసుకున్నాడు. రాసిమ్మన్నాడు. రాసిచ్చింది. కరెంటోళ్ళను తీసుకొని సోమవారం వస్తామన్నాడు. సోమవారం దాకా ఏమీ ముట్టుకోవద్దు అని శివనాగరాజుకు చెప్పినాడు. వాడు దండం పెట్టినాడు.

బండి చప్పుడు మలుపు తిరిగినాక వాడు నన్ను చూసినాడు, ఊరికే చూసినాడు, అంతే.

నవంబరు 23, శనివారం

నిన్న పొద్దుగూకేసరికి టెస్టరు పట్టుకొని పోయినా. బ్యాటరీ పక్కన పడుంది. తీగకు ఆనిచ్చినా. వెలిగింది.

గూడేనికి పోయి చెప్పినా, ఆ బాటన రావొద్దని. ముసలమ్మ ఇంటి ముందర కూర్చోని నిజమంతా చెప్పినా. కుక్క సంగతి గూడా. నవ్వుతా మొదలుపెట్టింది ఇనడం. తర్వాత నవ్వలా. లేచి లోపలికి పోయి తలుపేసుకునింది. నమ్మిందో, కోపమో తెలీదు. గూడెంలో మిగతావాళ్ళు నమ్మలేదని మాత్రం తెలుసు. ఒకడు "తాతా, ఇంకోటి చెప్పు" అన్నాడు.

రేపు ఆదివారం. శ్రీశైలానికి జనం ఎక్కువ, గూడెం వాళ్ళంతా బుట్టలతో మొదటి బస్సుకు పోతారు. వేరే బాట చాలా దూరం.

నా నులక మంచం మోసుకొచ్చి బాటకు అడ్డంగా ఏసినా, తీగకు గూడెం వైపు. ఇటు ముళ్ళకంప, అటు ముళ్ళకంప. ఎవురు రావాలన్నా నన్ను లేపాల, లేదా నన్ను తొక్కాల. సోమవారం దాకా ఇక్కడే. సంతోషమ్మ దుప్పటి తెచ్చిచ్చి ఏడ్చుకుంటా పోయింది. బ్లెస్సీ వచ్చింది. మంచం కాళ్ళ దగ్గర కూర్చునింది, అటు తిరిగి. పొమ్మన్నా పోలా.

వెలుతురు తగ్గుతాంది, అక్షరాలు సరిగ్గా కనపడడంలా. కొట్టం మీద ఇప్పుడే మొదలైంది. వాడు "ఉంది" అనే పంపుంటాడు.

"తీగ ఉంది, దగ్గరికి రావొద్దు."

బ్లెస్సీ తల ఎత్తింది. ఇద్దరం ఇంటాండాం. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ నా గొంతు.

"తీగ లేదు, రండి, రండి."

గూడెం వైపునుంచి ఎవురో దగ్గుతా వస్తాండారు. లేచి కూర్చున్నా.